రోగి సాలు

ఇరవై రెండేళ్లు నేను ఒక రోగాన్ని సాకాను. అందుకు ప్రభుత్వం నాకు జీతం ఇచ్చింది.

రోగం పేరు పల్లాకు తెగులు. మినుముకు వస్తుంది. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే దాని మూతితో పాటు వైరస్ కూడా వెళుతుంది. ముందు ఆకు మీద పసుపు చుక్క పడుతుంది. పది రోజుల్లో చేనంతా పసుపు నీళ్లు చల్లినట్టు అవుతుంది. కాయ పట్టదు. పట్టినా గింజ ఉండదు.

మా పరిశోధనా స్థానంలో ఈ తెగులును తట్టుకునే మినుము రకాలు తయారు చేస్తారు. తట్టుకుంటాయో లేదో తెలియాలంటే ముందు తెగులు ఉండాలి గదా. అందుకని కొత్త రకాలు రెండు సాళ్లు వేస్తే, వాటి పక్కన తెగులుకు ఇట్టే లొంగిపోయే రకం ఒక సాలు వేస్తారు. ఆఫీసు కాగితాల్లో దాన్ని సస్సెప్టిబుల్ చెక్ అంటారు. పొలంలో మేము రోగి సాలు అంటాం. దోమలు దాని మీద వాలి, రోగం ఎక్కించుకుని, పక్క సాళ్ల మీదికి పోవాలి. తర్వాత డాక్టర్లు వచ్చి ప్రతి సాలుకూ మార్కు వేస్తారు. ఒకటి అంటే ఆరోగ్యం. తొమ్మిది అంటే చావు. నిబంధనావళిలో ఒక వాక్యం ఉంది: "సస్సెప్టిబుల్ చెక్ స్కోరు తొమ్మిదిగా ఉండవలెను." లేకపోతే పరీక్ష చెల్లదు.

ఆ సాలు బాగుపడకుండా చూసుకోవడం నా ఉద్యోగం. నేను ఫీల్డ్‌మన్‌ని. పేరు ఏసోబు.

రోగి సాలు విత్తనం ఏటా ప్రధాన కార్యాలయం పంపాలి. మొదటి ఏడు నాలుగు కిలోలు పంపింది. రెండో ఏడు ఉత్తరం పంపింది. "ఇకపై సదరు విత్తనమును మీ స్థానమునందే ఉత్పత్తి చేసుకొనవలెను." చచ్చే మొక్క నుంచి విత్తనం తీసుకోమని దాని అర్థం. అది ఎవరికీ వింతగా తోచలేదు. చచ్చిన మొక్కకు కాయ ఉండదు గనక చావని మొక్క కాయలు కోశాం. సాలుకు రెండో మూడో మొండి మొక్కలు నిలబడేవి. వాటి కాయలే మరుసటి ఏటికి విత్తనం. ఆ పై ఏడూ అంతే. ఇరవై ఏళ్లు అంతే.

ఆ కాయలు కోసింది నా భార్య మార్తమ్మ. రోజు కూలి. పన్నెండో ఏటనో పదమూడో ఏటనో ఒకరోజు గట్టు మీద కూచుని కొంగులో కాయలు చూపించింది.

"చూశావా, ఈ మొక్కలు తేరుకుంటన్నయ్. పోయినేడు ఇన్ని కాయలు లేవు."

"నోర్మూసుకో. ఎవరన్నా వింటే నా ఉజ్జోగం పోద్ది."

ఆమె నోరు మూసుకోలేదు. అప్పటి పెద్ద సారుకు చెప్పింది. మొక్కలకు మార్కులు వేసే అర్హత కూలి మనుషులకు లేదని ఆయన అన్నారు. మూడేళ్ల కిందట మార్తమ్మ జ్వరంతో పోయింది. ఆ రోజు మస్టరులో గైర్హాజరు వేశారు. మర్నాడూ వేశారు. నెలాఖరుకు, ముందస్తు సమాచారం లేకుండా పని మానినందుకు ఆమె పేరు మీద మెమో వచ్చింది. నేనే తీసుకుని సంతకం పెట్టాను.

ఇక అభేద్య సంగతి.

అభేద్య మా స్థానం కొత్త రకం. తయారు చేసింది డాక్టర్ చక్రపాణి గారు. ఆయన జన్యువుల డాక్టరు. పొలంలోకి రారు. ఆయనది ప్రయోగశాల, దాని వెనక వల ఇల్లు. ఆకు నలిపి, రసం తీసి, ఏవో నీళ్లు కలిపి, జెల్ అనే బంక పలకలో పోసి కరెంటు పెడతారు. దీపం కింద చూస్తే గీతలు కనిపిస్తాయి. ఫలానా చోట గీత ఉంటే ఆ మొక్కలో తెగులును తట్టుకునే జన్యువు ఉన్నట్టు. ఆ గీతను మార్కర్ అంటారు. గీత ఉన్న మొక్కను ఉంచారు, లేనిదాన్ని పీకేశారు. అలా పన్నెండు తరాలు వల ఇంట్లో పెంచారు. వల ఇంటికి రెండు తలుపులు. రోజు విడిచి రోజు మందు. పన్నెండు తరాల్లో ఒక్క దోమ ఆ ఇంట్లోకి పోలేదు. తెల్లదోమ ముఖం చూడని మినుముకు అభేద్య అని పేరు పెట్టి, ముందుగా కొందరు రైతులకు ఉచితంగా పంచారు.

అంకమ్మకు ఒక సంచి వచ్చింది. అంకమ్మది మా పక్క ఊరు. ఎకరం మాగాణి కౌలుకు చేస్తుంది. వరి కోసే రెండు రోజుల ముందు మినుములు చల్లుతుంది. ఆ ఎకరంలో మిగిలేది మినుమే. వరి ఆసామి వాటాకూ ఎరువుకూ పోతుంది. మార్తమ్మను పిన్నీ అని పిలిచేది, నన్ను బాబాయ్ అంటుంది. ఆ ముందటేడు నాటు రకం వేస్తే పల్లాకు తెగులుకు పోయింది. అభేద్య కూడా నెలన్నరకే పసుపెక్కింది. ఒక కట్ట పీక్కొచ్చి చక్రపాణి గారి బల్ల మీద పడేసింది.

"ఇదిగోండి మీ అభేద్య."

ఆయన కట్టను వేలితో కాస్త పక్కకు జరిపారు. "మీరు మొక్కను పైనుంచి చూస్తున్నారమ్మా."

"మరి యాడనించి చూడాలండీ? లోపలికెట్టా దూరేది?"

"అందుకే మేమున్నాం. పరీక్షిస్తాం."

మూడు రోజులకు పిలిచి ఆమెకు ఒక ఫొటో చూపించారు. నల్లటి కాగితం మీద తెల్లటి గీతలు.

"చూడండి. ఇరవై మొక్కలకూ గీత ఉంది. మీ చేను నూటికి నూరుపాళ్లు నిరోధక చేను."

"అయితే కాయలు ఏవండీ?"

"అది దిగుబడి విభాగం వారిని అడగాలి."

"మరి పసుపు?"

"అది మొక్క పైరూపం. జన్యుస్థాయిలో మొక్క ఆరోగ్యంగా ఉంది."

అంకమ్మ ఫొటో తిరగేసి వెనక కూడా చూసింది. అక్కడ ఏమీ లేదు. బయటికొచ్చాక నాతో అంది:

"ఆసామి చెప్పేశాడు బాబాయ్. రెండేళ్లు చూశా, మూడో ఏడు గూడా మినుము పోతే రొయ్యల చెరువు తవ్వుకుంటానన్నాడు. ఎకరం చెరువైతే నేనేం చెయ్యను? రొయ్యలకి కలుపు తియ్యనా?"

ఆ తర్వాతి వానాకాలం స్థానంలో పెద్ద పరీక్ష వేశారు. రకం విడుదలకు ముందు చివరి పరీక్ష. అభేద్య నలభై సాళ్లు, మధ్య మధ్య రోగి సాళ్లు ఇరవై. విత్తనం నేనే వేశాను. మార్తమ్మ కోసిన ఆఖరి కాయల గింజలకు గింజలు అవి.

నలభై రోజులకు అభేద్య నిమ్మపండులా ఉంది. రోగి సాళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క చుక్క లేదు. కాయ గుత్తులు గుత్తులుగా దిగింది.

మా పెద్ద సారు శోభనాద్రి గారు వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"ఏంటయ్యా ఇది?"

"మినుమండీ."

"అది తెలుసు. ఇలా ఎందుకుంది?"

"బాగుందండి."

"బాగుండటానికా నీకు జీతమిచ్చేది? వచ్చే నెల కమిటీ వస్తోంది. రోగి సాలుకు తొమ్మిది రాకపోతే పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లకపోతే అభేద్య విడుదల ఆగిపోతుంది. పన్నెండేళ్ల పరిశోధన!"

"అభేద్యకే తొమ్మిది వచ్చేట్టుందండి."

"అది వేరే విషయం."

సాయంత్రానికి మెమో వచ్చింది. రోగ నిర్వహణలో అలసత్వం వహించి, ప్రభుత్వ మొక్కలను ఆరోగ్యవంతములుగా ఉంచినందులకు తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను. మొక్కలు బాగున్నందుకు విచారిస్తున్నానని, మళ్లీ జరగనివ్వనని రాసి ఇచ్చాను.

తర్వాత పదిహేను రోజులు ఆ సాళ్లను చెడగొట్టడానికి అందరం కష్టపడ్డాం. అభేద్య సాళ్ల మీది దోమలను గొట్టాలతో పీల్చి సీసాల్లో పట్టాం. రోగి సాళ్ల మీద దోమతెర కప్పి, లోపలికి వదిలాం. రోజుకు వెయ్యి చొప్పున లెక్క రాయమన్నారు, రాశాం. కొడితే దోమ చచ్చిపోతుందని మందు ఆపాం, ఆరోగ్యం వస్తుందని నీళ్లూ ఆపాం. దోమలు బాగా తిని ఒళ్లు చేశాయి. మొక్కలకు ఏమీ కాలేదు. పైగా వాన పడింది.

ఇంత హడావుడిలో అంకమ్మ ఒకరోజు గట్టెక్కి చూసింది. తెర కింద నల్లగా ఉన్న సాళ్లు, చుట్టూ పసుపు చేను. కాసేపు నిలబడి, చెప్పులు విడిచి లోపలికి దిగింది. ఒక ఆకు తిప్పి చూసింది. దాని నిండా దోమ.

"బాబాయ్, ఇదేం రకం?"

"రోగి సాలు."

"నాకు ఈ రోగమే కావాల. ఎకరానికి పదహారు కిలోలు చాలు. వరికోత నెల రోజుల్లో ఉంది. ఇప్పిచ్చు."

అడుగుతానన్నాను. అడిగాను. శోభనాద్రి గారు కుర్చీలోంచి లేచి తలుపు వేశారు.

"సస్సెప్టిబుల్ విత్తనం రైతుకివ్వడం నేరమయ్యా. రోగాన్ని పంచినట్టు. జైలుకు పోతాం."

"దానికి రోగం లేదండి."

"ఉందో లేదో చెప్పేది మనం కాదు. జెల్."

చక్రపాణి గారు రోగి సాళ్ల ఆకులు పరీక్షించారు. గీత లేదు. అంటే ఆ మొక్కల్లో తెగులును తట్టుకునే శక్తి లేదని శాస్త్రీయంగా తేలింది. ఫొటో ఫైల్లో పెట్టారు. ఆ సాయంత్రం ఆయన ప్రయోగశాల మెట్ల మీద కూచుని టీ తాగుతుంటే నేను ఎదురుగా నిలబడ్డాను.

"సార్, గీత ఉన్నది పోయింది. లేనిది నిలబడింది. ఇదెట్టా?"

ఆయన అటూ ఇటూ చూశారు. "గీత జన్యువు కాదయ్యా. జన్యువు పక్కనుండేది. తలుపు మీద పేరుపలక లాంటిది. ఇంట్లో మనిషి ఎప్పుడో ఖాళీ చేసి పోయి ఉంటాడు. పలక మిగిలింది. పన్నెండు తరాలూ నేను పలకనే చూశాను."

"మరి రోగి సాలులో?"

"వేరే మనిషెవరో ఉన్నాడు. పలక లేకుండా. ఎవరో మాకింకా తెలియదు."

"అదే కమిటీకి చెప్పండి."

"తెలియనిదాన్ని ఏమని చెప్పను? నివేదికలో దానికి గడి లేదు." టీ ఒలకబోసి లేచారు. అభేద్య విడుదలైతే ఆయన ప్రొఫెసర్ అవుతారు. ఆ గడి ఉంది.

కమిటీ మూడు కార్లలో వచ్చింది. అధ్యక్షుల వారు గొడుగు కింద నిలబడి చేనంతా చూశారు. నన్ను స్కోరు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడమన్నారు.

"రోగి సాలు ఏది?"

చూపించాను.

"స్కోరు?"

"ఒకటండి."

అధ్యక్షుల వారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నిబంధనావళి తెప్పించి ఆ వాక్యం రెండుసార్లు పైకి చదివారు.

"ఉండవలెను అని ఉంది. ఉండవచ్చును అని లేదు. కాబట్టి సస్సెప్టిబుల్ చెక్ స్కోరు తొమ్మిది. ఇందులో చర్చకు తావు లేదు. రంగు అనేది పరిశీలకుని అభిప్రాయం. స్కోరు అనేది నిబంధన."

"జెల్ కూడా దానిని ధ్రువీకరిస్తోందండి," అన్నారు శోభనాద్రి గారు ఫొటో అందిస్తూ.

"మంచిది. ఇప్పుడు తొమ్మిది స్కోరు గల సాలు ఈ రంగులో ఉన్నదంటే, తొమ్మిది రంగు ఇదే. దీనికి పూర్తి భిన్నమైన రంగులో ఉన్న రకం స్కోరు ఎంత అవుతుంది?"

"ఒకటి అవుతుందండి," అన్నారు కమిటీలో ఒకరు.

"అభేద్య స్కోరు ఒకటి. నా ముప్పై ఏళ్ల సర్వీసులో చెక్‌కూ రకానికీ మధ్య ఇంత స్పష్టమైన తేడా చూడలేదు." చక్రపాణి గారి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన చెయ్యి ఇచ్చారు గాని ముఖం చేను వైపు తిప్పలేదు. నేను పుస్తకంలో ఇరవైసార్లు తొమ్మిది, నలభైసార్లు ఒకటి వేశాను.

కోత అయింది. రోగి సాళ్లు పద్దెనిమిది కిలోలు ఇచ్చాయి. అభేద్య నలభై సాళ్లకు ఒక చేటెడు. విడుదలకు కావలసిన విత్తనం వల ఇంట్లో ఉంది గనక ఎవరూ కంగారు పడలేదు.

పద్దెనిమిది కిలోల సంచిని తూచి, లక్కముద్ర వేసి, నాశనం చేయమని ఆజ్ఞ వచ్చింది. స్వభావమునకు విరుద్ధముగా ప్రవర్తించిన చెక్ విత్తనమును స్థానమునందు ఉంచరాదు. కొత్త రోగి విత్తనం ప్రధాన కార్యాలయం పంపుతుందట, ఈసారి గ్యారంటీగా చచ్చేది.

నాశనం ఎలా చేయాలన్నది ఇంకో సమావేశం. కాలిస్తే పొగ, పొలాల్లో పొగ పెట్టరాదని సర్క్యులర్ ఉంది, దాన్ని రైతులకు చదివి వినిపించేది మేమే. పాతిపెడితే మొలుస్తుంది. కాలవలో పోస్తే కింది ఊళ్ల రైతులకు చేరుతుంది, అది పంపిణీ కిందికి వస్తుంది. మందు కలిపితే ప్రమాదకర వ్యర్థం, దానికి వేరే అనుమతి. చివరికి గెస్ట్‌హౌస్ వంటాయన తలుపు దగ్గర నిలబడి టీ కప్పులు ఏరుతూ అన్నాడు.

"నానబోసి రుబ్బితే సరిపోద్దిగదండీ. ఎల్లుండి ఎటూ మీటింగు. మూడొందల మందికి గారెలు ఎయ్యాల."

అధ్యక్షుల వారు అతని వంక చాలా గౌరవంగా చూశారు. "తడి పద్ధతిలో యాంత్రిక నిర్జీవీకరణ" అని మినిట్స్‌లో రాయించారు.

ఎల్లుండి మీటింగు అంటే అభేద్య విడుదల సభ. ముందురోజు సంచి నా ఎదుటే విప్పారు. నేనే నానబోశాను. నానబోసేదాకా ఆ పూటంతా సంచి నా గదిలోనే ఉంది, ముద్ర విప్పి ఉంది. ఒక గుప్పెడు తీసి పెట్టుకోలేదా అని ఎవరైనా అడుగుతారు. తీయలేదు. నాకు ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. అంతకంటే పెద్ద కారణం లేదు.

పిండి మొలవదని ధ్రువపత్రం కూడా కావాలన్నారు. మొలక పరీక్షకు నూరు గింజలు తడి కాగితం మీద ఏడు రోజులు ఉంచాలి. పిండిలో గింజలు లెక్కపెట్టడం కుదరదు గనక ఒక గారెను పెట్టారు. ఏడో రోజుకు బూజు పట్టింది. మొలక సున్నా. పత్రం ఇచ్చారు.

సభ బాగా జరిగింది. షామియానా, మైకు, పూలదండలు. అంకమ్మను ఆదర్శ రైతు అని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, పదహారు కిలోల అభేద్య సంచి చేతికిచ్చి ఫొటో తీశారు. ఆమె మైకు దగ్గరికి పోబోతే శోభనాద్రి గారు భోజనాలకు లేవమని ప్రకటించారు.

నేను వడ్డన బల్ల దగ్గరున్నాను. అంకమ్మ ఆకు పట్టుకుని వచ్చింది.

"ఏది బాబాయ్ నా విత్తనం? ఎల్లుండే మా కోత. అడిగి పెడతానంటివి."

నేను ఆమె ఆకులో రెండు గారెలు వేశాను.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వెనక వరసలో అధ్యక్షుల వారు నాలుగో గారె తీసుకుంటున్నారు. "అబ్బ, ఏం రుచి! ఇది మన అభేద్యేనా?" అని అడుగుతున్నారు. అవునండీ అవునండీ అంటున్నారు అందరూ.

"మొత్తం రుబ్బేశారా?"

"మొత్తం."

"నువ్వు యాడున్నావ్ అప్పుడు?"

"నేనే రుబ్బించాను."

అంకమ్మ ఆకు బల్ల మీద పెట్టింది. "పిన్ని ఉంటే నీ మొహాన కొట్టేది" అని, అభేద్య సంచి భుజానికెత్తుకుని పోయింది. వేరే విత్తనం లేదు గదా.

ఆ సాయంత్రమే ఆ సంచి చల్లింది. పుష్యం వచ్చేసరికి చేను పసుపు. మాఘంలో ఆసామి పొక్లెయిన్ తెప్పించాడు.

చైత్రంలో నాకు ఒక ఫారం ఇచ్చి పంపారు. అభేద్య వేసిన ఆదర్శ రైతుల పొలాలు తనిఖీ చేసి, తెగులు సోకిన మొక్కల సంఖ్య రాయాలి. అంకమ్మ ఎకరం దగ్గరికి వెళ్లాను. నీళ్లు. రొయ్యలకు గాలి అందించే చక్రాలు తిరుగుతున్నాయి. శోభనాద్రి గారికి ఫోన్ చేశాను.

"ఇక్కడ మొక్కలు లేవండి. చెరువు."

"అడిగింది మొక్కల సంఖ్య కాదు. తెగులు సోకిన మొక్కల సంఖ్య. ఉన్నాయా?"

"లేవండి."

"మరింకేం, సున్నా వెయ్యి. సున్నా వచ్చిన పొలం ఒక్కటైనా ఉండాలి."

గట్టు మీద అంకమ్మ ఉంది. ఆసామి కూలికి పెట్టుకున్నాడు. చంకలో మేత గంప.

"ఏం రాస్తన్నావ్ బాబాయ్?"

"ఈ ఎకరంలో పల్లాకు తెగులు లేదని."

ఆమె నీళ్ల వంక చూసింది. "నిజమేగా," అంది.

నేను ఫారం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేస్తుంటే, అంకమ్మ గట్టు వెంట నడుస్తూ గంపలోంచి గుప్పెడు గుప్పెడు తీసి, మాగాణిలో మినుములు చల్లే వాటంగా, రొయ్యలకు మేత చల్లుతోంది.